ఫోన్ పోయిన తొలి 24 గంటలు: జాడ చూపేది యాప్, పట్టిచ్చేది ఐఎంఈఐ

కోల్‌కతా: 1995 జులై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు ఇక్కడి రైటర్స్ బిల్డింగ్ నుంచి దిల్లీలోని సంచార్ భవన్‌లో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌కు ఫోన్ చేశారు. దేశంలో మొబైల్ ఫోన్‌పై జరిగిన తొలి సంభాషణగా అది చరిత్రకెక్కింది. ఆనాడు అటువంటి ఫోన్ పోతే పోయేది ఒక ఖరీదైన వస్తువు మాత్రమే. మూడు దశాబ్దాల తరువాత అదే నగరంలో ఎస్‌ప్లనేడ్ కూడలిలోనో, దుర్గాపూజ మండపం ముందు వరుసలోనో జేబు తడుముకుని ఖాళీగా ఉందని గ్రహించిన వ్యక్తికి పోయేది వస్తువొక్కటే కాదు. బ్యాంకు ఖాతా తాళం, గుర్తింపు పత్రాల నకళ్లు, ఓటీపీలు వచ్చే నంబరు ఒక్కసారిగా చేజారుతాయి.

ఫోన్ ఎక్కడుందో దూరం నుంచే చూపించే యాప్‌లు ఇప్పుడు దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ ముందే ఉంటున్నాయి. మరోవైపు పోయిన ఫోన్లను దేశమంతటా పనిచేయకుండా చేసే ప్రభుత్వ పట్టిక ఒకటుంది. ఈ రెండూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలని చాలామంది భావిస్తారు. వాస్తవానికి ఇవి వేర్వేరు సమయాల్లో అక్కరకొచ్చే వేర్వేరు సాధనాలు. ప్రభుత్వ పట్టిక రంగంలోకి దిగడానికి సాధారణంగా ఒక రోజు, కొన్నిసార్లు రెండు రోజులు పడుతుంది. ఆ లోపు ఫోన్‌కు కాపలా యాప్ మాత్రమే. అది కూడా ఫోన్ పోకముందు సిద్ధం చేసి ఉంటేనే.

పటంలో కనిపించే చుక్క ఎంతవరకు నిజం?

ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం గూగుల్ 2013 ఆగస్టులో 'ఆండ్రాయిడ్ డివైస్ మేనేజర్' పేరుతో ప్రారంభించిన సేవ 2017లో 'ఫైండ్ మై డివైస్'గా, 2025 మే నెలలో 'ఫైండ్ హబ్'గా పేరు మార్చుకుంది. యాపిల్ అంతకుముందే, 2009లో 'ఫైండ్ మై ఐఫోన్' తెచ్చింది. మొదట చందాదారులకే పరిమితమైన ఆ సేవ 2010 నవంబరులో ఉచితమైంది. శాంసంగ్, షావోమీ వంటి సంస్థలు తమ ఫోన్లలో ఇటువంటి సొంత సదుపాయాలను కూడా అందిస్తున్నాయి. పేర్లు ఏవైనా పని ఒకటే: ఫోన్ తానెక్కడుందో తెలుసుకుని, ఇంటర్నెట్ ద్వారా యజమాని ఖాతాకు చేరవేయాలి. ఈ రెండు దశల్లో ఏది తప్పినా పటంలో చుక్క కదలదు.

మొదటి దశకు ప్రధాన ఆధారం జీపీఎస్. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితేనే ఫోన్ తన స్థానాన్ని కచ్చితంగా లెక్కించగలదు. ఆకాశం బాగా కనిపించే చోట స్మార్ట్‌ఫోన్ జీపీఎస్ దాదాపు 5 మీటర్ల లోపు తేడాతో స్థానం చెబుతుందని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ విభాగం పేర్కొంటోంది. కానీ కోల్‌కతాలో ఆకాశం అన్నిచోట్లా కనిపించదు. 2024 మార్చిలో ప్రారంభమైన హావ్‌డా మైదాన్–ఎస్‌ప్లనేడ్ మెట్రో మార్గం హుగ్లీ నది అడుగు నుంచి వెళ్తుంది. ఆ సొరంగంలో ఉపగ్రహ సంకేతం అందే ప్రసక్తే లేదు. బడాబజార్ వంటి చోట్ల ఇరుకు సందులకు ఇరువైపులా నిలిచిన పాత భవనాలు సంకేతాలను అడ్డుకోవడమో, గోడలకు తగిలి దారి మళ్లేలా చేయడమో జరుగుతుంది.

అటువంటప్పుడు ఫోన్ చుట్టుపక్కల వైఫై రౌటర్ల ఆనవాళ్లను, సెల్ టవర్లను ఆసరా చేసుకుంటుంది. వైఫై ఆధారమైతే పదుల మీటర్ల తేడా రావచ్చు. టవర్ ఒక్కటే ఆధారమైతే తేడా వందల మీటర్లు, ఒక్కోసారి కిలోమీటరు దాటుతుంది. చుక్క చుట్టూ కనిపించే లేత రంగు వలయం ఈ అనిశ్చితినే సూచిస్తుంది. ఫోన్ ఆ వలయంలో ఎక్కడైనా ఉండవచ్చని దాని అర్థం. చాలామంది మధ్యలోని చుక్కనే చూస్తారు, వలయాన్ని పట్టించుకోరు. ఐదంతస్తుల భవనంలో ఫోన్ ఏ అంతస్తులో ఉందో కూడా ఆ పటం చెప్పదు.

ఈ తేడాను విస్మరిస్తే ఏం జరుగుతుందో అమెరికాలోని డెన్వర్ నగరం చూపింది. 2022 జనవరిలో దొంగిలించిన వాహనంలో ఉన్న ఒక ఐఫోన్ జాడను యాప్ చూపిందన్న ఆధారంతో సాయుధ పోలీసులు ఒక వృద్ధురాలి ఇంటిపై దాడి చేసి సోదా జరిపారు. అక్కడ ఏమీ దొరకలేదు. యాప్ చూపిన వలయంలో ఇంకా ఎన్నో ఇళ్లున్నాయి. 2024లో జ్యూరీ ఆమెకు 37.6 లక్షల డాలర్ల పరిహారం ప్రకటించింది. శిక్షణ పొందిన పోలీసులే అంత పొరబడినప్పుడు, పటం చేత పట్టుకుని తెలియని ఇంటి తలుపు తట్టే ఫోన్ యజమాని చేసే సాహసం ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు. చుక్క ఉన్న చోటికి ఒంటరిగా వెళ్లరాదని, పోలీసులకు ఆ సమాచారం ఇవ్వాలని చెప్పడంలో ఆంతర్యం ఇదే.

పటం కింద కనిపించే సమయాన్ని కూడా తప్పక చదవాలి. 'చివరిసారి కనిపించింది' అని ఉంటే అది ఇప్పటి స్థానం కాదు. మెట్రోలో పోయిన ఫోన్ ఎస్‌ప్లనేడ్ వద్ద పైకి వచ్చాకే మళ్లీ పటంలోకి రావచ్చు. అప్పటికి అది ఎవరి చేతిలో ఉందన్నది మరో ప్రశ్న.

రద్దీయే సాక్షి

ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపేస్తే ఇక జాడ తెలియదన్నది కొన్నేళ్ల క్రితం వరకు నిజం. 2019లో యాపిల్, 2024లో గూగుల్ ఈ పరిస్థితిని కొంత మార్చాయి. ఇంటర్నెట్ లేని ఫోన్ కూడా బ్లూటూత్ ద్వారా తరచూ మారే ఒక రహస్య సంకేతాన్ని వెదజల్లుతూ ఉంటుంది. పక్కగా వెళ్లే ఇతరుల ఫోన్లు దాన్ని అందుకుని, తామున్న చోటును సంకేత భాషలో సర్వర్‌కు పంపుతాయి. ఆ సంకేతాన్ని విప్పే తాళం యజమాని వద్దే ఉంటుంది. దారిన పోయేవారికి తమ ఫోన్ ఈ సాయం చేసిన సంగతే తెలియదు.

గూగుల్ అమలు చేసిన పద్ధతిలో ఒక విశేషముంది. ఎవరి కదలికలూ బయటపడకుండా, ఒక్క ఫోన్ చెప్పిన స్థానాన్ని కాక పలు ఫోన్లు చెప్పిన స్థానాలను కలిపి చూపే ఏర్పాటును సాధారణ అమరికగా ఉంచారు. అందువల్ల జనసమ్మర్దం ఉన్నచోటే అది బాగా పనిచేస్తుంది. పూజల రాత్రి మండపాల మధ్య ఫోన్‌ను మాయం చేసిన రద్దీయే దాని జాడను కూడా చెప్పగలదన్నమాట. అదే ఫోన్ నిర్మానుష్యమైన వీధికి చేరితే మౌనం వహించవచ్చు. సెట్టింగుల్లోకి వెళ్లి 'అన్ని ప్రాంతాల్లో' అన్న ఎంపికకు మార్చుకుంటే ఈ లోటు కొంత తీరుతుంది. ఐఫోన్ 11 నుంచి వచ్చిన చాలా ఐఫోన్లు, పిక్సెల్ 8 నుంచి వచ్చిన గూగుల్ ఫోన్లు స్విచాఫ్ చేసినా కొంతసేపు ఈ సంకేతాన్ని పంపగలవు. మార్కెట్‌లోని మెజారిటీ ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆ శక్తి లేదు.

వేరే సంస్థల భద్రతా యాప్‌ల సంగతి ఏమిటన్న సందేహం రావచ్చు. ఒకప్పుడు సెర్బెరస్, ప్రే, లుకౌట్ వంటి యాప్‌లకు మంచి ఆదరణ ఉండేది. మరో ఫోన్ నుంచి ఒక ఎస్ఎంఎస్ పంపితే చాలు, పోయిన ఫోన్ తన జాడ తెలుపుతూ జవాబిచ్చే సదుపాయం వాటిలో కొన్నింటికి ఉండేది. తప్పు పాస్‌వర్డ్ కొట్టినవారి ఫొటో తీసేవి కూడా ఉన్నాయి. ఎస్ఎంఎస్‌లు, కాల్ వివరాలు చదివే అనుమతిపై గూగుల్ 2018 అక్టోబరులో ప్రకటించిన ఆంక్షలు మరుసటి ఏడాది అమలులోకి రావడంతో ఈ యాప్‌ల బలం తగ్గింది. 2019లోనే వచ్చిన ఆండ్రాయిడ్ 10 సాధారణ యాప్‌లు ఫోన్ ఐఎంఈఐ సంఖ్యను చదవకుండా కట్టడి చేసింది. గోప్యత దృష్ట్యా ఈ ఆంక్షలు సబబైనవే. భద్రత పేరిట ఇతరులపై నిఘా పెట్టే యాప్‌లు కూడా వీటితోనే ఇరుకునపడ్డాయి. మొత్తానికి ఫోన్‌తో పాటే వచ్చే సదుపాయాన్ని మించి బయటి యాప్ చేయగలిగింది నేడు స్వల్పం. ఐఎంఈఐ సంఖ్య లేదా ఫోన్ నంబరు ఇస్తే చాలు, జాడ చూపుతామని ప్రకటించుకునే యాప్‌లను, వెబ్‌సైట్లను నమ్మరాదు. ఐఎంఈఐ ఆధారంగా ఫోన్ ఎక్కడుందో తెలిసేది టెలికాం సంస్థలకు, వాటి ద్వారా పోలీసులకు మాత్రమే.

తాళం లోపల పెట్టి తలుపు వేసినట్లు

ఫోన్ పోయినవారిలో చాలామంది చిక్కుకునేది సాంకేతికత లోపించి కాదు. స్నేహితుడి ఫోన్‌లో తమ గూగుల్ ఖాతా తెరవబోతే, 'మీ ఫోన్‌కు వచ్చిన సంకేత సంఖ్యను నమోదు చేయండి' అన్న సందేశం ఎదురవుతుంది. ఆ ఫోనే కదా పోయింది! రెండంచెల ధ్రువీకరణ దొంగను ఆపడానికి ఉద్దేశించినదే అయినా, ఈ ఘడియలో యజమానిని కూడా గుమ్మం బయటే నిలబెడుతుంది.

దీనికి విరుగుడు ముందే చేసుకోవాలి. గూగుల్ ఖాతాలో ఎనిమిదంకెల బ్యాకప్ సంకేతాలు పది ఒకేసారి తీసుకోవచ్చు. వాటిని కాగితంపై రాసి పర్సులోనో, ఇంట్లోనో ఉంచితే ఒక్కో సంకేతం ఒక్కోసారి అక్కరకొస్తుంది. ఐఫోన్ వాడేవారికి యాపిల్ ఒక మినహాయింపు ఇచ్చింది: ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో ఫోన్‌ను వెతికే పేజీ వరకు పాస్‌వర్డ్ ఉంటే చాలు, రెండో సంకేతం అక్కరలేదు. గూగుల్ 2024 అక్టోబరు నుంచి అందుబాటులోకి తెచ్చిన 'రిమోట్ లాక్' కూడా ఇదే ఇబ్బందిని దృష్టిలో పెట్టుకుని రూపొందించినది. ఆండ్రాయిడ్ డాట్ కామ్ స్లాష్ లాక్ అన్న పేజీలో ఫోన్ నంబరు నమోదు చేస్తే, ఫోన్ ఇంటర్నెట్‌లో ఉన్నంతవరకు, పాస్‌వర్డ్ గుర్తులేకపోయినా తెరకు తాళం పడుతుంది. అయితే ఆ సదుపాయాన్ని ముందుగా సెట్టింగుల్లో ఆన్ చేసి ఉండాలి.

అదే సమయంలో వచ్చిన మరో సదుపాయం, చేతిలోంచి ఫోన్ లాక్కుని పరుగెత్తినప్పటి కుదుపును సెన్సర్ల ద్వారా పసిగట్టి తనంతట తాను లాక్ కావడం. యాపిల్ 2024 జనవరిలో తెచ్చిన దొంగతన రక్షణ వేరే కోణంలో పనిచేస్తుంది. ఇల్లు, కార్యాలయం వంటి అలవాటైన చోట్లకు దూరంగా ఉన్నప్పుడు ఖాతా పాస్‌వర్డ్ మార్చాలంటే ముఖం లేదా వేలిముద్ర చూపాలి, ఆపై గంటసేపు ఆగి మళ్లీ చూపాలి. వెనుక నిలబడి పిన్ కనిపెట్టిన దొంగకు ఆ గంట అడ్డంకి. యజమానికి అదే అవకాశం. లాక్ తెరపై నుంచే ఫ్లైట్ మోడ్ వేసే వీలు లేకుండా చేసే అమరిక కొన్ని ఫోన్లలో ఉంది. శాంసంగ్ ఫోన్లలో నెట్‌వర్క్ ఆపాలంటే ముందు లాక్ తీయాలనే నిబంధన పెట్టుకోవచ్చు.

అన్నింటికంటే ఎక్కువగా మరచిపోయేది సిమ్ పిన్. ఫోన్‌కు ఎంత గట్టి లాక్ ఉన్నా, సిమ్‌ను తీసి మరో ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ ఆ ఫోన్‌కే వస్తాయి. సిమ్‌కు నాలుగంకెల పిన్ పెట్టి ఉంటే కొత్త ఫోన్‌లో అది అడుగుతుంది. మూడుసార్లు తప్పితే సిమ్ స్తంభిస్తుంది.

ముందు లాకా, సిమ్ బ్లాకా?

ఇక్కడొక సందిగ్ధం ఉంది. సిమ్‌ను వెంటనే బ్లాక్ చేయిస్తే ఫోన్‌కు మొబైల్ డేటా ఆగుతుంది. దాంతో యాప్ చూపు కూడా మసకబారుతుంది, లాక్ ఆదేశం చేరకపోవచ్చు. బ్లాక్ చేయించకపోతే ఖాతాలోని సొమ్ముకు ముప్పు. ఫోన్‌కు లాక్, సిమ్‌కు పిన్ రెండూ ఉన్నవారు మొదటి కొన్ని నిమిషాలు యాప్‌కు కేటాయించవచ్చు: ఫోన్‌ను మోగించి చూడటం, పటంలోని స్థానాన్ని, సమయాన్ని ఫొటో తీసుకోవడం, తెరపై మరో నంబరు కనిపించేలా సందేశం పెట్టి లాక్ చేయడం. అవి లేనివారు మాత్రం ఆ నిమిషాలను కూడా వదులుకుని ముందు సిమ్‌ను, యూపీఐని, బ్యాంకు యాప్‌ను ఆపించడమే క్షేమం. సొమ్ము పోయినట్లు తేలితే 1930 నంబరుకు తక్షణం ఫిర్యాదు చేయాలి. ఫోన్ తిరిగి రావడం కంటే ఖాతా దక్కడం ముఖ్యం.

ఫోన్‌లోని సమాచారాన్ని దూరం నుంచే చెరిపేసే ఆదేశం చివరి అస్త్రంగానే ఉండాలి. ఆండ్రాయిడ్‌లో ఒకసారి చెరిపేస్తే ఆ ఫోన్ ఇక ఫైండ్ హబ్‌లో కనిపించదు. చెరిపేసినా సరే, ఖాతా నుంచి ఫోన్‌ను తొలగించకూడదు. పాత ఖాతా వివరాలు లేకుండా దొంగ ఆ ఫోన్‌ను కొత్తగా ప్రారంభించలేకపోవడానికి కారణం ఆ బంధమే. 2013 నుంచి ఐఫోన్లలో, 2015 ప్రాంతం నుంచి ఆండ్రాయిడ్‌లో ఈ అడ్డుకట్ట ఉంది. దాన్ని దాటడానికే మోసగాళ్లు కొద్ది రోజుల తరువాత 'మీ ఫోన్ దొరికింది, ఇక్కడ లాగిన్ కండి' అంటూ నకిలీ లింకులు పంపుతుంటారు. ఆశతో ఉన్న మనిషి ఆ లింకు తెరిచి, తన పాస్‌వర్డ్‌ను తానే అప్పగిస్తాడు.

15 అంకెల పట్టిక

రెండో సాధనం కేంద్ర టెలికాం విభాగం నిర్వహించే సీఈఐఆర్. 2019 సెప్టెంబరులో ముంబయిలో, అదే ఏడాది డిసెంబరులో దిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైన ఈ పట్టిక, 2023 మే 16న సంచార్ సాథీ పోర్టల్‌లో భాగంగా దేశమంతటికీ విస్తరించింది. 2025 జనవరిలో దీనికి మొబైల్ యాప్ వచ్చింది. ఆ యాప్‌ను కొత్త ఫోన్లన్నింటిలో తప్పనిసరిగా ఉంచాలని ఆ ఏడాది నవంబరులో ఇచ్చిన ఆదేశంపై గోప్యత రీత్యా తీవ్ర విమర్శలు రావడంతో, డిసెంబరు 3న కేంద్రం ఆ నిబంధనను ఉపసంహరించుకుంది. ఫిర్యాదు కోసం యాప్ ఉండనవసరం లేదు, పోర్టల్ సరిపోతుంది.

ప్రతి ఫోన్‌కూ 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య ఉంటుంది. మొదటి ఎనిమిది అంకెలు నమూనాను, తరువాతి ఆరు ఆ ఫోన్ వరుస సంఖ్యను తెలుపుతాయి. చివరిది సరిచూసుకునే అంకె. ఫోన్‌లో *#06# నొక్కితే ఈ సంఖ్య కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు సంఖ్యలుంటాయి, రెంటినీ నమోదు చేయాలి. ఫోన్ పోయాక దాన్ని నొక్కడం సాధ్యం కాదు కనుక పెట్టె మీదో, కొనుగోలు రసీదులోనో వెతుక్కోవాలి. ఏ సిమ్ వేసినా ఫోన్ నెట్‌వర్క్‌ను కోరే క్షణంలో ఈ సంఖ్య టెలికాం సంస్థకు చేరుతుంది. బ్లాక్ జాబితాలో ఉన్నదైతే సేవ నిరాకరిస్తారు, ఏ సిమ్‌తో ప్రయత్నం జరిగిందన్న వివరం పోలీసులకు అందుతుంది. బ్లాక్ చేయడం వల్ల పోలీసులు జాడ తీయడానికి ఆటంకం ఉండదు.

ఆలస్యం జరిగేది ఇక్కడికి చేరే దారిలో. పోర్టల్‌లో దరఖాస్తుకు పోలీసు ఫిర్యాదు ప్రతి కావాలి. ఓటీపీ కోసం పోయిన నంబరుకే డూప్లికేట్ సిమ్ తీసుకోవాలి. కొత్తగా తీసుకున్న డూప్లికేట్ సిమ్‌కు 24 గంటల వరకు ఎస్ఎంఎస్‌లు రావు. సిమ్ మార్పిడి మోసాలను అరికట్టడానికి పెట్టిన నిబంధన అది. మోసగాడిని ఆపే ఆ గడువు బాధితుడిని కూడా నిలువరిస్తుంది. దరఖాస్తు చేరాక బ్లాక్ కావడానికి మరో 24 గంటల వరకు పడుతుంది.

కోల్‌కతాలో ఫోన్ జారవిడుచుకుంటే స్థానిక స్టేషన్‌లో జనరల్ డైరీ నమోదు చేస్తారు. స్థానికులు దీన్ని 'జీడీ' అంటారు. దొంగతనమైతే భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్, లాక్కుపోతే 304వ సెక్షన్ కింద ఎఫ్ఐఆర్ కోరవచ్చు. లాక్కుపోయినా కొందరు శ్రమ తప్పించుకోవడానికి 'పోయింది' అని రాసిస్తారు. అది దర్యాప్తును బలహీనపరచే పని. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ నుంచి హావ్‌డాకు వచ్చేసరికి ఫోన్ కనిపించకపోతే, అది ఏ స్టేషన్ పరిధిలో పోయిందో ప్రయాణికుడు చెప్పలేడు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. రైల్వే రక్షక దళం కూడా 2025 ఏప్రిల్ నుంచి సీఈఐఆర్‌తో అనుసంధానమైంది. రైల్లో ఫోన్ పోతే 139 హెల్ప్‌లైన్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు.

ఫలితాలు ఎలా ఉన్నాయి? 2025 అక్టోబరు ఒక్క నెలలోనే దేశవ్యాప్తంగా 50 వేలకు పైగా ఫోన్లు తిరిగి దొరికాయని టెలికాం విభాగం ప్రకటించింది. అప్పటికి కర్ణాటక, తెలంగాణ రాష్ట్రాలు చెరో లక్ష దాటి ముందు నిలిచాయి. పోర్టల్ అందరికీ ఒక్కటే. కొత్త సిమ్ వివరం తెర మీదికి వచ్చాక ఆ నంబరుకు ఫోన్ చేసే, అవసరమైతే పక్క జిల్లాకు వెళ్లే పోలీసు సిబ్బందిని బట్టే తేడా ఉంటుంది.

పట్టికకు హద్దులున్నాయి. అది కత్తిరించేది మొబైల్ నెట్‌వర్క్‌ను మాత్రమే, వైఫైపై ఫోన్ పనిచేస్తూనే ఉంటుంది. ఐఎంఈఐని మార్చేసే ముఠాలూ ఉన్నాయి. ఒకే సంఖ్యతో 13,500కు పైగా ఫోన్లు నడుస్తున్నట్లు మేరఠ్ పోలీసులు 2020లో బయటపెట్టారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం ఇటువంటి మార్పులకు మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. మరో హద్దు అక్షరాలా సరిహద్దే. బంగ్లాదేశ్‌తో భారత్‌కు ఉన్న 4,096 కిలోమీటర్ల సరిహద్దులో 2,216 కిలోమీటర్లు పశ్చిమ బెంగాల్‌వే. ఆ రేఖ దాటిన ఫోన్‌పై మన జాబితా పనిచేయదు. అక్రమంగా తరలుతున్న ఫోన్లను సరిహద్దు భద్రతా దళం తరచూ పట్టుకోవడం వెనుక కారణమిదే. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఫోన్లను సూడాన్‌కు పంపుతున్నట్లు తేలింది.

పాత ఫోన్ కొనేవారికీ ఈ పట్టిక అవసరమే. కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ జోడించి 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఆ ఫోన్ స్థితి తెలుస్తుంది. ఈ పని చేయక, తక్కువ ధరకు వచ్చిందని చాందినీ మార్కెట్‌లోనో, అబిడ్స్‌లోనో, మరెక్కడో కొన్న వ్యక్తికి కొన్నాళ్లకు పోలీసుల నుంచి ఫోన్ వస్తే, సొమ్మూ పోతుంది, ఫోనూ పోతుంది.

దొరికిన ఫోన్‌ను పోలీసులు అప్పగించాక ఇంకొక పని మిగులుతుంది. దరఖాస్తు చేసినప్పుడు వచ్చిన అభ్యర్థన సంఖ్యతో అదే పోర్టల్‌లో 'అన్‌బ్లాక్' కోరాలి. అది పూర్తయ్యేవరకు సొంత యజమాని చేతిలో, సొంత సిమ్‌తో కూడా ఆ ఫోన్‌కు నెట్‌వర్క్ రాదు.